సెల్ఫు తిరుగును, ఇంజను అందుకొనదు



తాళము త్రిప్పగనే సెల్ఫు మోటారు చురుకుగా లేచి ఇంజనును గిరగిర త్రిప్పుచున్నను, ఆ ఇంజను మాత్రము తనంత తాను అందుకొని నడువక, తాళము వదలిన మరుక్షణమున నిశ్చేష్టమై యూరకుండుట, కారు నడుపు వారందరికిని ఎప్పుడో యొకప్పుడు అనుభవమునకు వచ్చెడి సంకటము. ఇంటిలోని రోగిని వెనుక సీటున పండుకొనబెట్టిన వేళనో, తెల్లవారుజామున రైలు అందుకొనవలసిన వేళనో ఇది సంభవించినప్పుడు, మనుష్యుడు సహజముగా చేయు పని తాళమును మరల మరల త్రిప్పుటయే. అట్లు త్రిప్పిన కొలదిని బ్యాటరీ క్షీణించును; ప్లగ్గులు పెట్రోలులో తడిసి ముద్దయగును; తొలుత ఒక్కటియే యైయుండిన దోషము మూడై కూర్చుండును. పది పదిహేను సెకండ్లకు మించి సెల్ఫును ఒక్క బిగిన త్రిప్పరాదనియు, త్రిప్పిన పిమ్మట ఒక నిమిషమైన దానికి విశ్రాంతి నీయవలయుననియు అనుభవజ్ఞులు చెప్పుదురు. ఆ విశ్రాంతి వేళలో మన మనస్సు దేనిని పట్టుకొని ఆలోచింపవలయునో దానిని గూర్చియే నేడు నేను మనవి చేయదలచితిని.

సెల్ఫు తిరుగుట యనునదియే యొక గొప్ప సాక్ష్యము. తాళము త్రిప్పినను ఏ చప్పుడును లేనిచో, లేక టిక్కుమని యొక్క శబ్దము మాత్రమే వినబడినచో, ఆ దోషము వేరు, ఆ వెదకులాట వేరు. ఇంజను తిరుగుచున్నదన్నచో బ్యాటరీలో బలమున్నది, లావుపాటి తీగెలు పట్టు తప్పలేదు, సెల్ఫు మోటారు బాగున్నది, ఇంజను లోపల ఏదియు బిగిసిపోలేదు. వెదకవలసిన చోట్లు సగమునకు సగము తగ్గిపోయినవన్నమాట. ఐనను ఎట్లు తిరుగుచున్నదో చెవియొగ్గి వినవలయును. సెల్ఫు మోటారు త్రాగు విద్యుత్తు సామాన్యమైనది కాదు. నూటయేబది, రెండువందల ఆంపియర్లు దానికొక లెక్క కాదు. బ్యాటరీ వృద్ధమైనదైనచో సెల్ఫు ఈడ్చుచు మూల్గుచు తిరుగును. ఆ వేళ 12 వోల్టులుండవలసిన బ్యాటరీ తొమ్మిదింటికి దిగజారి, ఇంజనును త్రిప్పుటకు మాత్రమే చాలి, లోపల నిప్పురవ్వ పుట్టించుటకు చాలకుండవచ్చును. ఇందుకు భిన్నముగా ఇంజను ఎన్నడును లేనంత తేలికగా, అడ్డు అదుపు లేక, ఒకే శ్రుతిలో తిరిగినచో అదియు శుభసూచకము కాదు. దాని సంగతి తరువాత చెప్పెదను.

పెట్రోలు ఇంజను బ్రతుకుట కేమి కావలయును? 1876వ సంవత్సరమున జర్మనీ దేశస్థుడు నికొలస్ ఒట్టో సిద్ధింపజేసిన నాలుగు అడుగుల క్రమమే నేటికిని నడచుచున్నది. పిస్టను క్రిందికి దిగుచు గాలిని, పెట్రోలు ఆవిరిని పీల్చుకొనును. పైకి వచ్చుచు దానిని బిగియ నొక్కును. నొక్కుడు పరాకాష్ఠ నందు వేళకు కించిత్తు ముందుగా ప్లగ్గు కొనయందు నిప్పురవ్వ మెరయును. మంట పిస్టనును క్రిందికి త్రోయును. కాలిన పొగ వెలుపలికి పోవును. తూనికలో పెట్రోలు ఒక పాలునకు గాలి ఇంచుమించు పదునైదు పాళ్లు కావలయును. చల్లని ఇంజనులో పెట్రోలు ఆవిరి కాక గోడల కంటుకొని పోవును గనుక ఆ వేళ పాలు కొంత హెచ్చవలయును. పాత కార్లలో చోకు లాగుట యందుకే. అందుచేత తిరుగుచున్నను అందుకొనని ఇంజనులో నిప్పురవ్వయైన లేకుండవలయును, పెట్రోలైన రాకుండవలయును, నొక్కుడైన తప్పియుండవలయును, లేదా ఇవన్నియు నుండియు వేళ తప్పియుండవలయును. ఇంతకు వెలియైన కారణము నాకు తెలిసినంతలో లేదు.

ఇచ్చట మన ప్రాచీన తర్కశాస్త్రము జ్ఞప్తికి రాక మానదు. తర్కసంగ్రహమును రచించిన అన్నంభట్టు మన ఆంధ్రుడనియే పండితులు చెప్పుదురు. కొండమీద పొగను జూచి నిప్పును ఊహించుటకు ఆయన చెప్పిన త్రోవలో రెండు మెట్లున్నవి: ఇది యున్నచోట నది యుండుట అన్వయము, అది లేనిచోట నిది లేకుండుట వ్యతిరేకము. ఇంజను విషయమున ఈ రెండును మన కెంతయో ఉపకరించును. నిప్పురవ్వ యున్నదా లేదా యను ప్రశ్నను, మిగిలినవన్నియు యథాస్థానమున నుంచి, ఒంటిగా అడుగవలయును. సమాధానము వచ్చిన పిదప పెట్రోలు వచ్చుచున్నదా యని అడుగవలయును. ఒక్కసారి ప్లగ్గులు మార్చి, పాయింట్లు గీకి, కార్బ్యురేటరు విప్పి, అన్నియు బిగించిన తరువాత ఇంజను అందుకొన్నను, ఏది దోషమో తెలియదు. అందుకొనకున్నచో మొదటి దోషము మన చేతులు చేసిన కొత్త దోషముల నడుమ దాగిపోవును. పుస్తకము పట్టి ఎరుగని మెకానిక్కు కుర్రవాడు, రోడ్డు ప్రక్క రేకుల షెడ్డులో నూనె మరకల బనీనుతో నిలిచి, "ముందు కరెంటు చూద్దాం సార్, తర్వాత పెట్రోలు" అని యనుచున్నప్పుడు, ఆతడు శాస్త్రమునే మాటలాడుచున్నాడని నా దృఢవిశ్వాసము. కొత్త బ్యాటరీయు, కొత్త ప్లగ్గులును, కొత్త కాయిలును వరుసగా కొనిపించి, ఏదో యొకటి తగులునని చూచువానికంటె ఈ కుర్రవాడు వేయిరెట్లు గౌరవార్హుడు.

ఉదాహరణమునకు నేను అంబాసిడరు కారును తీసికొందును. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారు ననుసరించి, బెంగాలులోని ఉత్తరపాడాలో హిందుస్థాన్ మోటార్సు వారు 1958 మొదలు 2014 వరకును దీనిని తయారుచేసిరి. కలెక్టరు గారికిని, పెండ్లివారికిని, బాడుగ బండ్లవారికిని ఒకే తీరున సేవచేసిన ఆ కారులో 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను బహుకాలము నడచినది. బోనెట్టు ఎత్తినచో ప్రతి అవయవమును కంటికి గనబడును, చేతికి అందును. నేర్చుకొనువారికి ఇంతకు మించిన పాఠశాల లేదు. ఇందులో చెప్పినది పాత ఫియట్టునకును, జీపునకును కొలది భేదముతో అన్వయించును.

నిప్పురవ్వతో ప్రారంభింతము. ఒక ప్లగ్గును విప్పి, దాని తలకు తీగెను మరల తగిల్చి, దాని లోహపు ఒడలు ఇంజను లోహమునకు తాకునట్లు పెట్టి, మరియొకరిని సెల్ఫు త్రిప్పుమనవలయును. విప్పిన ప్లగ్గు రంధ్రమునుండి పెట్రోలు ఆవిరి చిమ్మును గనుక ఆ ప్లగ్గును రంధ్రమునకు దూరముగా నుంచుట మరువరాదు. చేతితో పట్టుకొనక చెక్క పిడి గల పనిముట్టుతోనో, రబ్బరు తొడుగు గల పటకారుతోనో అదిమి పట్టవలయును. నీలవర్ణమున, టపటప చప్పుడుతో, బొద్దుగా రవ్వ దూకినచో విద్యుత్తు మార్గము మంచిది. మనము పెట్రోలు వైపు పోవచ్చును. పసుపు పచ్చగా, సన్నగా, అప్పుడప్పుడు మాత్రమే మినుకుమన్నచో ఎచ్చటనో బలము కారిపోవుచున్నది. ఏమియు లేనిచో వెనుకకు నడువవలయును: ప్లగ్గు తీగెనుండి డిస్ట్రిబ్యూటరు మూతకు, మూతనుండి కాయిలునకు, కాయిలునుండి పాయింట్లకు, పాయింట్లనుండి తాళమునకు.

ఈ మార్గమును కనిపెట్టినవాడు అమెరికా దేశస్థుడు చార్లెస్ కెటరింగు. 1912లో కాడిలాక్ కారునకు విద్యుత్ సెల్ఫును అమర్చి, చేతి హ్యాండిలు పెట్టి ఇంజను త్రిప్పుచు మణికట్లు విరుగగొట్టుకొనుచుండిన జనులను రక్షించినవాడును ఆతడే. ఆతని పద్ధతిలో కాయిలు లోపల రెండు తీగెచుట్లుండును. లావు తీగె కొన్ని వందల చుట్లు, సన్నని తీగె కొన్నివేల చుట్లు. పాయింట్లు, అనగా కలియుచు విడుచునుండు లోహపు మొనల జత, మూసియున్నంతసేపు లావు చుట్టులో విద్యుత్తు పారును; పాయింట్లు విడివడిన క్షణమున అది ఆగిపోవుటయు, సన్నని చుట్టులో ఇరువదివేల వోల్టుల వరకు ఒత్తిడి పుట్టి ప్లగ్గు కొన యందలి సందును దాటుటయు జరుగును. మూయుటలో కాదు, విడుటలోనే రవ్వ యున్నది. సెల్ఫు నిమిషమునకు రెండువందల చుట్లు త్రిప్పుచున్నప్పుడు కూడ నాలుగు సిలిండర్ల ఇంజనులో ఆ పాయింట్లు నిమిషమునకు నాలుగువందల పర్యాయములు విడవలయును. అట్టి పనికి వాటి నడుమ ఉండవలసిన ఎడము అంగుళములో వేయింట పదునైదు వంతులు, అనగా మిల్లీమీటరులో ఇంచుమించు నాలుగు పదవ వంతులు మాత్రమే.

పాయింట్లు పని చేయుచున్నవో లేదో చూచుటకు ఒక చిన్న 12 వోల్టుల బల్బు చాలును. కాయిలునుండి పాయింట్లకు పోవు తీగె మొదటను బల్బు ఒక కొన, ఇంజను లోహమున రెండవ కొన తగిల్చి సెల్ఫు త్రిప్పినచో, బల్బు వెలుగుచు ఆరుచు మినుకుమినుకుమనవలయును. ఎడతెగక వెలుగుచునే యున్నచో పాయింట్లు కలియుట లేదు, లేదా వాటి మొగములు కాలి మసిబారినవి. సన్నని ఎమరీ కాగితముతో రుద్ది, ఫీలరు గేజితో ఎడము సరిచూడవలయును. అసలు వెలుగనే వెలుగనిచో తాళము వైపునుండి విద్యుత్తే రాకుండవచ్చును, లేక పాయింట్లు విడివడక యుండవచ్చును. కొలది ఖరీదు బల్బు చెప్పు ఈ సమాచారమును వేల రూపాయల కొత్త సామాను చెప్పజాలదు. పాయింట్ల ప్రక్కనుండు చిన్న డబ్బీ వంటి కండెన్సరు చెడినను రవ్వ నీరసించును. పాయింట్లు త్వరత్వరగా గుంటలు పడి కాలిపోవుచున్నచో దానినే మొదట అనుమానింపవలయును.

మన మెకానిక్కులు డెల్కో యని పిలుచు డిస్ట్రిబ్యూటరు మూత విషయమును మాత్రము తొందరపడి దాటిపోరాదు. విజయవాడ ఆటోనగరులో ఒక వృద్ధ మెకానిక్కు అట్టి మూత నొకదానిని పరీక్షించుట నేను దగ్గరనుండి చూచితిని. వానలో తడిసి నిలిచిన కారది. తుడిచి ఆరబెట్టినను అందుకొనుట లేదు. ఆయన మూతను విప్పి, చొక్కా కొనతో లోపల తుడిచి, ఎండకు ఎత్తిపట్టి, వేలితో మెల్లమెల్లగా త్రిప్పుచు, ఒక కోణమున ఆపి నాకు చూపెను. రెండు ఇత్తడి ముక్కల నడుమ, నల్లని బేకలైటు మీద, వెండ్రుకకంటె సన్నని మరింత నల్లని గీత. తడి చోట నొకసారి విద్యుత్తు ప్రాకి ఆ పదార్థమును కాల్చి బొగ్గు చేసినది. బొగ్గు విద్యుత్తునకు దారి. ఇక మూత ఎంత ఆరినను రవ్వ ప్లగ్గునకు పోక ఆ గీత వెంటనే జారిపోవుచుండును. "ఇది తుడిస్తే పోయేది కాదు బాబూ, మూతే మార్చాలి" అని ఆయన చెప్పి, మూత నడిమి బొగ్గు ముల్లు స్ప్రింగు మీద కదలుచున్నదో లేదో వ్రేలితో నొక్కి చూచి, రోటరు చేతికి పగులు గలదేమో యని దానిని కూడ ఎండకు పెట్టి చూచెను. అంత చిన్న గీతను ఎండ ఏ కోణమున పట్టి చూపునో తెలియుట చిరకాలాభ్యాసమున వచ్చిన విద్య. ఆ విద్యను తెలుగులో ఎవరైన వ్రాసిపెట్టినచో ఎంత మేలగును!

ఇంకొక సూచన. ఇంజను త్రిప్పుచున్నప్పుడు ఒక్క క్షణము అందుకొని, తాళము వదలగనే ఆగిపోవుచున్నచో, కాయిలునకు ముందు అడ్డు నిరోధము గల కార్లలో ఆ నిరోధము తెగియుండును. సెల్ఫు తిరుగునంతసేపు విద్యుత్తు దానిని దాటి నేరుగా కాయిలునకు చేరును. తాళము వెనుకకు వచ్చినప్పుడు మాత్రమే నిరోధము గుండ పోవలయును. ఈ వింత లక్షణము చూచి కార్బ్యురేటరు విప్పినవారు పెక్కుమంది గలరు.

రవ్వ మంచిదని తేలినది. ఇక పెట్రోలు. గేజి ముల్లును నమ్మరాదు. అది తప్పు చెప్పుట అరుదు కాదు. టాంకులో పెట్రోలు నిజముగా నున్నదో లేదో చూడవలయును. రాత్రివేళ అగ్గిపుల్ల గీచి టాంకులోనికి తొంగిచూచు సాహసము ఎవ్వరును చేయరాదు. తరువాత కార్బ్యురేటరునకు వచ్చు గొట్టమును విడదీసి, దాని మూతిని ఒక సీసాలో పెట్టి, సెల్ఫు త్రిప్పవలయును. ఇంజను ప్రక్కనుండు ఏసీ పంపు, అనగా పెట్రోలు పంపు, ఒక్కొక్క పోటుకు ఒక్కొక్క ధార చిమ్మవలయును. రానిచో టాంకు మూతను తెరచి చూడవలయును. గాలి లోనికి పోవు సన్నని రంధ్రము దుమ్ముతో పూడినచో టాంకులో శూన్యమేర్పడి పెట్రోలు కదలదు. మూత తెరువగనే బుస్సుమని గాలి లోనికి పోయినచో దోషము దొరికినట్లే. అది గాదేని ఫిల్టరు పూడియుండును, లేక పంపులోని పొర చినిగియుండును. పొర చినిగినచో పెట్రోలు ఇంజను ఆయిలులో కలియును గనుక, ఆయిలు పుల్లను తీసి వాసన చూచినయెడల తెలిసిపోవును.

మన ఎండలలో పెట్రోలు చేయు మరియొక వింత గలదు. పెట్రోలు ఒక్క పదార్థము గాదు, అనేక ద్రవముల మిశ్రమము. అందు మిక్కిలి తేలికయైనవి 35, 40 డిగ్రీల వేడిమికే మరుగ నారంభించును. రెంటచింతలలో చెట్టునీడనే అంతకు మించిన వేడి యుండు వేసవి నెలలలో, నడచి వచ్చిన ఇంజను మూతక్రింద ఎంత యుండునో ఊహింపవచ్చును. తిరుమల ఘాటు రోడ్డు మీద మెల్లని గేరులో కొండనెక్కి, పైన పదినిమిషములు ఇంజనును ఆపినచో, ఫ్యాను గాలియు లేక, ఇంజను వేడి పైకి ప్రాకి, పంపులోను గొట్టములోను పెట్రోలు ఆవిరి బుడగలై నిలుచును. పంపు ద్రవమును నెట్టగలదు గాని ఆవిరిని నెట్టలేదు. నిప్పురవ్వ బాగున్నది, టాంకు నిండుగ నున్నది, ఐనను ఇంజను అందుకొనదు. తడిగుడ్డ తెచ్చి పంపు మీదను గొట్టము మీదను కప్పి, బోనెట్టు తెరచి, కొంతసేపు ఓర్చియున్నచో ఆవిరి మరల ద్రవమై కారు కదలును. బాడుగ కారు డ్రైవర్లు నీళ్లసీసాతోపాటు పాతగుడ్డ నొకదానిని డిక్కీలో వేసికొని తిరుగుచుండినది ఈ ఎరుక వలననే. కాయిలు కూడ వేడికి లోపల తెగి, చల్లారినపుడు మరల కలియుట గలదు. అందుచేత వేడి ఇంజను మొరాయించినపుడు రవ్వ యున్నదో లేదో చూచుకొని కాని తడిగుడ్డ వేయరాదు. రెండు దోషములకును లక్షణ మొక్కటియే యగుటవలన ఇచ్చటనే పెక్కుమంది భ్రమ పడుదురు.

పెట్రోలు హెచ్చుటయు దోషమే. చోకు అతిగా లాగి పలుమారు త్రిప్పినను, కార్బ్యురేటరులోని ఫ్లోటు సూది మూసికొనకున్నను, సిలిండర్లు తడిసి పెట్రోలు వాసన గుప్పుమనును. విప్పిన ప్లగ్గు మెరయుచు తడిగా కనిపించును. అప్పుడు చోకు పూర్తిగా లోనికి నెట్టి, యాక్సిలరేటరును నేలకంట నొక్కిపట్టి, పంపునట్లు మాటిమాటికి త్రొక్కక, కొన్ని సెకండ్లు సెల్ఫు త్రిప్పినచో, ఎక్కువ గాలి లోనికి పోయి తడి ఆరును. పొడిగానున్న ప్లగ్గు పెట్రోలు రాలేదని చెప్పును. తడిసిన ప్లగ్గు రవ్వ లేదనియో పెట్రోలు ఎక్కువైనదనియో చెప్పును. ఈ విషయమున ప్లగ్గు ఎన్నడును అబద్ధమాడదు.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయక దాటలేను. కార్బ్యురేటరు నోట పెట్రోలు పోసి ఇంజనును లేపుట కొన్నిచోట్ల పరిపాటియైయున్నది. సీసాతో పోయుచున్న వేళ ఇంజను ఎదురు తన్నినచో మంట ఆ నోటనుండియే వెలువడి, సీసాను, చేతిని, ముఖమును అంటుకొనును. దానివలన లాభపడు కాలము రెండు నిమిషములు, పోవునది కనులు. చేయవలదని చేతులు జోడించి వేడుచున్నాను.

రవ్వయు, పెట్రోలును రెండును సరిగా నున్నచో మిగిలినది నొక్కుడును, వేళయును. ఇంజను అతి తేలికగా, ఒకే శ్రుతిలో తిరుగుట శుభము కాదని మొదట చెప్పితిని. వాల్వులను నడుపు కామ్ షాఫ్టునకు చెయినో బెల్టో కలదు. అది తెగినచో పిస్టన్లు కదలును గాని వాల్వులు కదలవు, నొక్కుడు పుట్టదు. పరీక్ష సులభము: డెల్కో మూత తీసి, సెల్ఫు త్రిప్పించి, రోటరు తిరుగుచున్నదో లేదో చూడుడు. ఇంజను తిరుగుచు రోటరు కదలకున్నచో ఇక త్రిప్పుట వెంటనే మానవలయును. పెక్కు ఇంజనులలో తెరచియుండిన వాల్వులను పిస్టను గుద్ది వంచివేయును. కార్బ్యురేటరులోనుండి ఢామ్మని ఎదురు తన్నుచున్నచో ఎవరో తీగెలు విప్పి వరుస తప్పించి తగిల్చి యుందురు; అంబాసిడరునందు రవ్వ వరుస 1, 3, 4, 2. "నిన్న దీనిమీద ఎవరైన చేయి వేసిరా?" అను ప్రశ్న యడుగక పని ప్రారంభించుట నా దృష్టిలో అవివేకము. నిన్నటివరకు నడచిన యంత్రము నేడు నడువకున్నచో, నిన్నటికి నేటికి నడుమ మారినదే మొదటి ముద్దాయి.

2000 ప్రాంతమున కాలుష్య నియమములు వచ్చిన పిదప మన దేశపు కొత్త కార్లలో కార్బ్యురేటరు అంతరించినది. పాయింట్లు అంతకు ముందే తగ్గుముఖము పట్టినవి. ఇంజను ఇప్పుడు కంప్యూటరు ఆజ్ఞలో నున్నది. ఐనను ప్రశ్నలు మారలేదు. తాళమును సెల్ఫు తిరుగుటకు ముందరి మెట్టునకు త్రిప్పి, వెనుక సీటు క్రింది టాంకులోనుండి రెండు సెకండ్లు సన్నని హుమ్మను శబ్దము వచ్చుచున్నదో లేదో వినవలయును. అది పెట్రోలు పంపు. వినబడకున్నచో దాని ఫ్యూజును, రిలేను చూడవలయును. టాంకులో పెట్రోలు అడుగంటునట్లు ఎల్లప్పుడు నడుపువారి పంపు త్వరగా చెడును. పంపును చల్లార్చునది అందు మునిగియున్న ఆ పెట్రోలే. డాష్‌బోర్డు పలకమీద తాళపు గుర్తు దీపము కొట్టుకొనుచున్నచో తాళములోని చిప్పును కారు గుర్తింపలేదు. రెండవ తాళముతో ప్రయత్నింపవలయును. త్రిప్పునప్పుడు ఇంజను వేగమును చూపు ముల్లు కొంచెమైన లేవకున్నచో, క్రాంకు స్థానమును చెప్పు సెన్సరును అనుమానింపవచ్చును; ఆ సెన్సరు లేక కంప్యూటరునకు రవ్వ ఎప్పుడు వేయవలయునో, పెట్రోలు ఎప్పుడు చిమ్మవలయునో తెలియదు. అట్టి కార్లలో రవ్వ కొరకు తీగెలు విప్పి చూచుట తగదు. విప్పిన చివర దూకలేని వోల్టేజి వెనుకకు తన్ని ఖరీదైన భాగములను చెరుపును. స్కానరు గల మెకానిక్కునకు అప్పగించుటయే మేలు. నెట్టి లేపుట కూడ ఈ కార్లలో మంచిది కాదు. కాలని పెట్రోలు పొగగొట్టములోని శుద్ధిపాత్రలోనికి చేరి అచ్చట కాలి దానిని పాడుచేయును.

తాళము త్రిప్పనే కూడని సందర్భ మొకటి గలదు. 2020 అక్టోబరు వరదలలో హైదరాబాదు నందును, 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినపుడు విజయవాడ నందును ఎన్నియో కార్లు నీటమునిగినవి. నీరు దిగిన వెంటనే తాళము త్రిప్పి చూడబోవుట అట్టి కార్లకు మరణశాసనము. గాలిని నొక్కవచ్చును, నీటిని నొక్కలేము. సిలిండరులో నీరున్నచో పైకి వచ్చు పిస్టను దానిని ఢీకొని కనెక్టింగు రాడ్డును వంచును. అట్టి బండిని బ్యాటరీ తీగె విప్పి, త్రిప్పకయే షెడ్డునకు లాగుకొని పోవలయును. ప్లగ్గులు తీసి నీరు వెడలించు వరకు సెల్ఫు ముట్టరాదు.

డీజిలు ఇంజను సంగతి వేరు. దానికి ప్లగ్గు రవ్వ లేదు. సైకిలు పంపు మూతిని వ్రేలితో మూసి కొట్టినపుడు గొట్టము వేడెక్కునట్లు, అందు గాలి ఇరువది రెట్లకు దగ్గరగా నొక్కబడి, చిమ్మిన డీజిలు తనంత తానే అంటుకొనునంత వేడెక్కును. అందుచే డీజిలు కారు తిరిగియు అందుకొనకున్నచో, చలివేళ హీటరు ప్లగ్గులను, తక్కిన వేళల గొట్టములలో చేరిన గాలిని చూడవలయును. టాంకు ఒకసారి పూర్తిగా ఎండినచో గాలి చేరక మానదు. ఫిల్టరు మీది చేతిపంపును గట్టిపడు వరకు నొక్కి, గాలిని బయటకు వదలి, అటుపిమ్మట త్రిప్పవలయును.

ఇక మెకానిక్కును ఫోనులో పిలుచునప్పుడు "కారు స్టార్టు కావటం లేదు" అని మాత్రమే చెప్పి ఊరకుండవలదు. సెల్ఫు చురుకుగా తిరుగుచున్నదా, ఈడ్చుచున్నదా. ఇంజను చల్లగా నున్నదా, వేడిగా నున్నదా. పెట్రోలు వాసన వచ్చుచున్నదా. పలకమీద ఏ దీపము వెలుగుచున్నది. నడచుచుండగ ఆగిపోయినదా, రాత్రి బాగుగా నిలిపి ఉదయమున మొరాయించినదా. చివరిసారి దానిమీద ఎవరు ఏ పని చేసిరి అను సంగతులు చెప్పినచో, వచ్చువాడు తన సంచిలో కాయిలు వేసికొనవలయునో, పంపు వేసికొనవలయునో, లేక స్కానరు పెట్టె తెచ్చుకొనవలయునో షెడ్డునందే నిర్ణయించుకొనగలడు. ఆతడు వచ్చు వరకు బోనెట్టు తెరచియుంచి, తాళమును జేబులో వేసికొని కూర్చుండుడు.